ఓబులప్ప పాటలో ఖాళీ

అటువైపు వెళ్లినవాళ్లు లేపాక్షి బసవన్నను చూసి నోరు తెరుస్తారు, పెనుకొండ కోట ఎక్కి ఆయాసపడతారు, ధర్మవరంలో పట్టుచీర కొని జేబు తడుముకుంటారు. మేమిద్దరం మాత్రం రెండు వరుసల పాటకి అర్థం కనుక్కోవడానికి వెళ్లాం. బసవన్నను చూడనేలేదు. తిరిగొచ్చాక ఈ మాట విన్నవాళ్లంతా తిట్టారు. తిట్టనివ్వండి, మా బాధలు మావి.

మేమిద్దరం అంటే నేనూ, పానకాలరావు గారూ. నేను తెనాలిలో లెక్కల మాస్టార్ని, ఆయన బెజవాడలో హోమియో డాక్టరు. మమ్మల్ని కలిపింది ఒక క్యాసెట్టు. తొంభైల మొదట్లో ఏ బస్టాండు బడ్డీకొట్టులోనో దొరికిన సరుకది. అట్ట మీద ‘ఓబులప్ప బృందం, హిందూపురం’ అని తప్ప ఇంకో ముక్క లేదు. పాడినాయన గొంతు గరుకు, మాటలు చిన్నవి, అర్థం మాత్రం చేతికి చిక్కదు. ఆ చిక్కనితనానికే పడిపోయి మాలాంటివాళ్లం ఓ డజను మంది పోగై, నెలకోసారి మా మేడ మీద కూర్చుని విని, వాదించుకుని, పకోడీలు తిని వెళ్లేవాళ్లం.

ఎక్కువ రభస ఈ రెండు వరుసల దగ్గరే:

వచ్చేటప్పుడు తేలేదు, పోయేటప్పుడు వదల్లేదు
ఇద్దరు మోస్తే బరువే లేదు, ఒక్కరు మోస్తే దించలేరు

ఇది ప్రేమ పాట అని నా వాదం. చావు పాట అని పానకాలరావు గారి వాదం. పైగా ప్రతి రెండు వరుసల తర్వాతా గొంతు ఆగిపోయి, చాలాసేపు ఒట్టి చెక్కల తాళం, డప్పు మాత్రమే వినపడేవి. ఆ మౌనం మీద మా సభ్యుడొకాయన పెద్ద వ్యాసమే రాసుకొచ్చి చదివాడు. అది పరబ్రహ్మమట. అందరం కళ్లు మూసుకుని తలూపాం.

ఆ మీటింగులకి కాఫీలు అందించడానికి మా అమ్మాయి సుజాత, తండ్రి వెంట బెజవాడ నుంచి వచ్చి విసుక్కుంటూ కూర్చోడానికి పానకాలరావు గారబ్బాయి రవి ఉండేవాళ్లు. మేం పాట అర్థం వెతుక్కుంటుంటే వాళ్లు వేరే అర్థాలు వెతుక్కున్నారు. సరే, సంతోషం, ముహూర్తం పెట్టుకున్నాం. అప్పుడు మా అమ్మాయి ఒకే ఒక్క కోరిక కోరింది. పెళ్లిచీర కొంగు మీద ఆ రెండు వరుసలూ నేయించాలట.

పానకాలరావు గారు మజ్జిగ గ్లాసు కింద పెట్టేశారు. “బావగారూ, అది చావు పాట. నా కోడలు అది కప్పుకుని పీటల మీద కూర్చుంటే నేను ఆ పందిట్లోకి రాను” అన్నారు. మా అమ్మాయేమో ఆ చీర లేకపోతే పీటలే ఎక్కనంది. మధ్యలో నేను. చివరికి ఒప్పందం ఏమిటంటే, రాసినాయన్నే వెతికి పట్టుకుని అడగాలి. చావు పాటే అయితే ఆ సంగతి పిల్లకి నేను చెప్పుకోవాలి. కాకపోతే పానకాలరావు గారు నోరెత్తకూడదు.

హిందూపురం

రైలు దిగగానే చలి. మా తెనాలిలో అదే నెలలో ఫ్యాను కింద కూర్చుని కూడా విసనకర్ర వెతుక్కుంటాం. ఊరంతా చింతపండు, బెల్లం, ఎండుమిర్చి కలిసిన ఒక ఘాటు. పానకాలరావు గారు తుమ్మడం మొదలుపెట్టి, జేబులోంచి మాత్రల డబ్బా తీసి, తెల్ల పంచదార గుళికలు నాలుగు నాలుక మీద వేసుకున్నారు. ఆ డబ్బా లేకుండా ఆయన పెరట్లోకి కూడా వెళ్లరు.

స్టేషను బయట ఒకామె బండి మీద ఉగ్గాని అమ్ముతోంది. బొరుగులు నానబెట్టి తాలింపు వేసి, పుట్నాలపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇచ్చేది. మా వైపు బొరుగులంటే పిల్లల చిరుతిండి, ఇక్కడ పొద్దుటి టిఫినే అది. రెండు ప్లేట్లూ కలిపి పది రూపాయలు కాలేదు. నేను మూడోది కూడా అడిగాను.

ఆమె ఈరమ్మ. భర్త బజ్జీలు వేస్తున్నాడు.

“యాడ్నుంచి వస్తాండారు సామీ?”

“తెనాలి నుంచమ్మా. ఓబులప్ప గారని, పాటలు రాస్తారు, ఆయన కోసం.”

“ఓబులప్పనా!” అని ఆమె గరిటె ఆపి, ఆ రెండు వరుసలూ టకటకా అప్పజెప్పేసింది. మా డజను మందికి తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదనుకున్న పాట అది.

“దానికి అర్థమేంటమ్మా?” అన్నారు పానకాలరావు గారు ముందుకు వంగి.

ఈరమ్మ బండి కింది నుంచి రెండు చెవుల పెద్ద ఇత్తడి డబరా చూపించింది. “ఇదే! పెండ్లై వచ్చేటప్పుడు నేను తేలేదు, ఇది మా అత్తది. ఊరు ఇడిసిపోయేటప్పుడు ఇడిసిపెట్టను. నేనూ నా మొగుడూ చెరో చెవి పట్టుకుంటే పువ్వే. ఒగదాన్నే ఎత్తితే యాడ దింపల్ల చెప్పండి, సలసలా కాగుతాంటే?” అని నవ్వి, “సరే, మీ జవాబేంది?” అంది.

మా జవాబు అడుగుతుందేమిటి, మేమే కదా అడుగుతున్నది! ఏదో మాటవరసకి అడిగిందిలే అనుకుని డబ్బులిచ్చి బయల్దేరాం.

బజారులో క్యాసెట్ల కొట్టాయన ఒకరితో తెలుగులో బేరమాడుతూ, ఇంకొకరిని కన్నడంలో కసురుతూ, చిల్లర ఇస్తూ ‘దుడ్లు సరిగా ఎంచుకోప్పా’ అంటున్నాడు. ఓబులప్ప పేరెత్తగానే మొహం వెలిగింది.

“ఆ క్యాసెట్టు ఇంకా వింటాండారా? భలే! మీది యా జట్టు?”

“నాది చావు జట్టు. ఈయనది ప్రేమ జట్టు” అన్నారు పానకాలరావు గారు గంభీరంగా.

కొట్టాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఏ ఆసుపత్రి నుంచో తప్పించుకొచ్చామనుకున్నాడో ఏమో, గొంతు తగ్గించి, “ఆయప్ప ఈడ లేడు. పెనుకొండలో కొడుకు తాన ఉండాడు. బస్సుకి పోండి, జాగ్రత్త” అన్నాడు.

మధ్యాహ్నం ఒక మెస్సులో రాగిముద్ద పెట్టారు. పానకాలరావు గారు డాక్టరు కదా, ఒక్కో ముక్కా ముప్ఫైరెండు సార్లు నమలాలని ఆయన సిద్ధాంతం. రాగిముద్దని నమిలితే ఏమవుతుందో ఆరోజు చూశాను. పై పళ్లూ కింది పళ్లూ పెనవేసుకుపోయి మాట పెగల్లేదు. వడ్డించే ఆయన పరిగెత్తుకొచ్చి, “నమిలేది కాదు సామీ, పప్పులో ముంచి మింగల్ల!” అని నీళ్లు పోశాడు. ఆ పూటంతా వియ్యంకుడు మౌనంగా ఉన్నారు. పరబ్రహ్మమే.

పెనుకొండ

ఊరు కొండ కాళ్ల దగ్గర ముడుచుకుని కూర్చుని ఉంటుంది. ఎటు చూసినా పాత గోడో, బురుజు ముక్కో. అలాంటి రాతిగోడ మా ఊళ్లో ఉంటే చుట్టూ కంచె వేసి బోర్డు పెట్టేవాళ్లం. ఇక్కడ దాని మీద చక్కగా దుప్పట్లు ఆరేస్తున్నారు.

ఓబులప్ప గారింటికి వెళ్తే కోడలు వాకిట్లోకొచ్చి, “మామ చేనికి పోయినాడు, పొద్దుగూకేతలికి వస్తాడు. బువ్వ తిన్నారా?” అని అడిగింది. తిన్నామంటే నమ్మలేదు. చిత్రాన్నం పెట్టాకే వదిలింది. సాయంత్రం దాకా ఏం చెయ్యాలో తోచక కొండెక్కాం.

సగం దాకా ఎక్కేసరికి పానకాలరావు గారికి ఆయాసం వచ్చింది. ఒక బండ మీద కూర్చుని మాత్రల డబ్బా తీశారు. మూత తీశారో లేదో, పైనుంచి ఒక కోతి దిగి, డబ్బా లాక్కుని, ఎదురు గోడ మీద కూర్చుని గుళికలు గుప్పెళ్లతో నోట్లో పోసుకుంది. తియ్యగా ఉన్నాయి కదా, పిల్లల్ని కూడా పిలిచి పెట్టింది.

“అయ్యో, అది రెండువందల పొటెన్సీ! రోజుకి నాలుగే వెయ్యాలి!” అని ఆయన గోడ చుట్టూ తిరుగుతూ అరిచారు. కోతి ఖాళీ డబ్బా చెవి దగ్గర పెట్టుకుని గలగల్లాడించి, ఏమీ లేదని రూఢి చేసుకుని, ఆయన మీదికే విసిరింది. నేను కడుపు పట్టుకుని నవ్వాను. కాసేపటికి ఆయనా నవ్వారు. ఆయన అలా నవ్వడం చూసి చాలా ఏళ్లయింది. నవ్వీ నవ్వీ అలిసిపోయి, కింద కనపడే గోడ వైపు, దాని మీది దుప్పట్ల వైపు చూస్తూ ఉండిపోయారు.

“బావగారూ, ఒక్కరే దుప్పటి మడతపెట్టి చూశారా ఎప్పుడైనా?” అన్నారు.

“లేదండీ.”

“ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టుకోవాలి. రెండో కొస అందదు. అందేలోపు మొదటిది జారిపోతుంది.”

వాళ్లావిడ అన్నపూర్ణమ్మ గారు పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆమెకి ఓబులప్ప పాటలంటే ప్రాణం. ఆరిన బట్టలు తీసుకొచ్చి, ‘ఏవండీ, ఓ కొస పట్టుకోండి’ అని పిలిచి, ఇద్దరూ చెరో వైపూ లాగి మడతపెడుతూ ఆ రెండు వరుసలే పాడుకునేవారట. “ఆవిడ ఉన్నప్పుడు నాకూ అది ప్రేమ పాటేనండీ. ‘ఒక్కరు మోస్తే దించలేరు’ అన్నమాట నాకు తర్వాతే అర్థమైంది. ఆ మాట పిల్ల కొంగు మీద ఎలా రాయించమంటారు?” అన్నారు.

ఈ మనిషి ఉత్త మొండితనంతో వాదిస్తున్నాడని ఇంట్లో ఎన్నిసార్లు అనుకున్నానో. కిందికి దిగగానే మా అమ్మాయికి ఫోన్ చేసి ‘వద్దు తల్లీ, మామూలు జరీ కొంగు చాలు’ అని చెప్పేద్దామా అనిపించింది. కానీ ఒప్పందం ఒప్పందమే అన్నారాయన. లేచి దిగాం.

దిగేసరికి ఓబులప్ప గారు వచ్చేశారు. బక్కపలచని మనిషి, తలగుడ్డ, కాళ్లకి ఇంకా మట్టి. నేను సాష్టాంగ పడినంత పని చేసి, మా సంఘం సంగతి, పరబ్రహ్మం వ్యాసం సంగతి, చీర సంగతి అన్నీ చెప్పుకొచ్చాను. ఆయన శ్రద్ధగా విని, వ్యాసం దగ్గర మాత్రం ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నారు.

“ఇంతకీ అర్థమేంటి స్వామీ?” అన్నాను.

“నాకేం తెలుసప్పా! నేను అడిగినోణ్ణి గదా” అన్నారాయన. “రండి, కూకోండి.”

భజన మందిరం అరుగు మీద ఆయన వెనక నలుగురు చెక్కలు, ఒకాయన డప్పు పట్టుకుని కూర్చున్నారు. మమ్మల్ని వాళ్లకి ఎదురుగా చాప మీద కూర్చోబెట్టారు. ఓబులప్ప గారు చెవి మీద చెయ్యి పెట్టుకుని ఎత్తుకున్నారు. అదే గొంతు, ఏడెనిమిదేళ్లుగా టేపులో అరిగిపోయిన గొంతు, మూరెడు దూరంలో! ‘ఒక్కరు మోస్తే దించలేరు’ దగ్గర ఆపారు. చెక్కలు మోగుతున్నాయి. డప్పు మోగుతోంది. మా మౌనం వచ్చింది. అలవాటుగా మేమిద్దరం కళ్లు మూసుకున్నాం.

ఎంతసేపటికీ పాట ముందుకు పోదు. కళ్లు తెరిస్తే చుట్టూ మూగిన జనమంతా మా వైపే చూస్తున్నారు.

“అందుకోండప్పా! తాళం తప్పుతాండాది!” అన్నాడు డప్పాయన.

అప్పుడు తెలిసొచ్చింది. అవి సవాలు పాటలు. రెండు జట్లు ఎదురెదురుగా కూర్చుంటాయి. ఒక జట్టు చిక్కుముడి వేసి ఆగుతుంది. తాళం ఆగేలోపు రెండో జట్టు పాటతోనే విప్పాలి. ఆ క్యాసెట్టు చుట్టుపక్కల భజన జట్లు సాధన చెయ్యడానికి చేసింది. అందులో ఖాళీ వినేవాళ్ల కోసం వదిలింది. మన జవాబు మనం పాడుకోవడానికి! ఇన్నేళ్లూ మా డజను మందిమీ మా వంతు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని కూర్చున్నాం.

కంగారులో నేను ‘ప్రేమా ప్రేమా’ అని ఏదో రాగం తీశాను. అరుగంతా ఘొల్లుమంది. పిల్లలు చెట్టెక్కి మరీ నవ్వారు.

“ఊరికే పేరు చెప్తే చెల్లదప్పా” అన్నారు ఓబులప్ప గారు. “నా మాటకు మీ మాట తగలల్ల. తలుపుల ఊరి జట్టోళ్లు ‘మాట’ అని కట్టినారు. గోరంట్లోళ్లు ‘కోపం’ అని కట్టినారు. రెండూ ఒప్పుకున్నా. బాగా తగిలినాయి.”

“అయితే ఇది చావు పాట కాదా?” అన్నారు పానకాలరావు గారు.

ఓబులప్ప గారు ఆయన వైపు తిరిగారు. “మీరు అట్ల కడితే అదే అవుతుంది సామీ. కట్టినారా మరి?”

“లేదు.”

“కట్టల్ల. జవాబియ్యకుంటే పదం మీ మీదే నిలబడిపోతాది.” అని తమలపాకులు, వక్క ఆయన చేతిలో పెట్టారు. అక్కడి పద్ధతి అది. జవాబు చెప్పలేని జట్టు తాంబూలం పుచ్చుకుని పోవాలి. ఎప్పుడు జవాబు కడితే అప్పుడు తిరిగి తాంబూలం పంపాలి. “పెండ్లిలో ఇచ్చే తాంబూలం తిని అరిగించుకునేది, ఇది మోసుకుపోయేది” అని డప్పాయన నాకు విడమరిచి చెప్పాడు.

పానకాలరావు గారు ఆకుల్ని జేబురుమాల్లో చుట్టి, మాత్రల డబ్బా ఉండే జేబులో పెట్టుకున్నారు.

ధర్మవరం

రైల్లో ఆయన చెప్పిందొక్కటే. “ప్రశ్నలో అశుభం ఏముంది లెండి. నేయించండి.” గెలిచానన్న సంతోషం నాకు రాలేదు. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

ధర్మవరంలో వీధి వీధంతా మగ్గాల చప్పుడు. మా తెనాలిలో ఇంటికో రేడియో మోగినట్టు అక్కడ ఇంటికో మగ్గం. మేం వెళ్లిన ఇల్లు నాగరత్నమ్మది. భర్త మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. చీర కొనడానికి వెళ్తే మా వైపు కొట్లో కూల్‌డ్రింకు ఇస్తారు, ఇక్కడ వంటింట్లోంచి ఓళిగ, నెయ్యి వచ్చాయి. మా బొబ్బట్టే అది. అయితే పలచన, విస్తరంత వెడల్పు. రెండు తిన్నాక బేరమాడే ఓపిక ఎవరికి ఉంటుంది? అదీ ఒక వ్యాపార రహస్యమేమో.

కొంగు మీద అక్షరాలంటే నాగరత్నమ్మ కాగితం మీది రెండు వరుసలూ పైకి చదివి, “ఓబులప్ప పదమా! భలేగుంటాది. అక్షరాలకి మగ్గం మీద వేరే చిల్లుల అట్టలు కొట్టియ్యల్ల, కొంచెం ఎక్కువైతాది” అంది. ఒప్పుకున్నాను. రంగు కోసం పది చీరలు విప్పి గది నిండా పరిచింది. చివరికి మామిడిపండు రంగుకి మెరూన్ అంచు కుదిరింది.

విప్పినవన్నీ మళ్లీ మడతపెట్టాలిగా. భర్త మగ్గం వదలడు. నేను లెక్క రాసుకుంటున్నాను. నాగరత్నమ్మ చుట్టూ చూసి, ఖాళీగా నిలబడ్డ మనిషిని పిలిచింది.

“సామీ, ఒక కొస ఇట్ల పట్టుకోండి.”

పానకాలరావు గారు పట్టుకున్నారు. ఆమె వెనక్కి నడిచింది, చీర బిగిసింది. ఆమె దగ్గరికొచ్చి ఆయన చేతిలో కొస అందుకుంది, మళ్లీ వెనక్కి నడిచింది. ఒకటైంది, రెండైంది. పదో చీర మడత అయిపోయినా ఆయన కొస వదల్లేదు. “అయిపాయ సామీ, ఇడ్సండి” అని ఆమె నవ్వుతూ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

వీధి మలుపు తిరిగాక “గొడుగు మర్చిపోయా” అని ఆయన వెనక్కి వెళ్లారు. ఎంతకీ రారు. అక్షరాలు వద్దని చెప్తున్నాడేమో, మనసు మార్చుకున్నాడేమో, పెళ్లి పెటాకులవుతుందేమో! వచ్చాక చూస్తే చేతిలో గొడుగు లేదు. అసలు గొడుగు తెచ్చుకుంటే కదా! ఏమిటండీ అంటే, “ఇంకో ఓళిగ పెట్టింది” అన్నారు.

తెనాలి, పెళ్లి పందిరి

చీర పార్శిల్లో వచ్చింది. కొంగు మీద ఓబులప్ప గారి అక్షరాలు బంగారంలా మెరుస్తున్నాయి. ఊపిరి పీల్చుకున్నాను. మా అమ్మాయి దాన్నే కట్టుకుని పీటల మీద కూర్చుంది. పానకాలరావు గారు పందిట్లోకి వచ్చారు, ముందు వరసలోనే కూర్చున్నారు. మా సంఘం వాళ్లంతా వెనక వరసలో. పరబ్రహ్మం వ్యాసకర్త నాతో అప్పటికి మాట్లాడటం మానేశాడు.

బ్రహ్మముడి వెయ్యడానికి పంతులుగారు రవి భుజం మీది పట్టు ఉత్తరీయం విప్పారు. దాని అంచున కూడా ఏవో అక్షరాలు మెరిశాయి. మా అమ్మాయి తల వంచుకునే చూసింది. నేను కళ్లజోడు సర్దుకుని చదివాను.

తేకపోతే మానె, వదలకపోతే మానె
ఏదైతేనేం, ఒక కొస ఇటియ్యి

“అమ్మాయ్, కొంగు ఇలా ఇవ్వమ్మా” అంటున్నారు పంతులుగారు, ఏమీ తెలియక. మా అమ్మాయి కొంగు ఇవ్వలేదు. తలొంచుకుని కూర్చోవాల్సిన పిల్ల నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. బాసికం జారింది. తర్వాత మామగారి వైపే చూస్తూ కొస అందించింది. పంతులుగారు ఆ రెండు కొసలూ కలిపి ముడేశారు. నాకైతే కళ్లు మసకబారి ఆ ముడి సరిగ్గా కనపడలేదు.

పానకాలరావు గారు పందిరి గుంజ కేసి చూస్తూనే నా వైపు ఒరిగారు.

“బావగారూ, మర్చిపోకండి. పెనుకొండకి తాంబూలం పంపించాలి” అన్నారు.